శ్రీను కారులో వచ్చిన శబ్దం

నా ఉద్యోగం పోయిన సంగతి కాలేజీ ఫ్రెండ్ శ్రీనుకి నేను చెప్పలేదు. మా ఆవిడ చెప్పినట్టుంది. ఈ మధ్యాహ్నం ఇంటి ముందు కారు ఆపి హారన్ కొట్టాడు.

"కారులో ఏదో సౌండ్ వస్తోందిరా. ఎక్కి విను, నీకైతే తెలుస్తుంది."

నేను మెకానికల్ ఇంజనీర్‌ని. బండికి జబ్బంటే ఆగలేను.

పాటలు కట్టేశాడు. కెనడాలో మేముండే బ్రాంప్టన్ నుంచి పక్కనున్న వాన్ ఊరి దాకా ఇద్దరం చెవులు రిక్కించుకుని కూర్చున్నాం. ఏ శబ్దమూ రాలేదు. వినడానికి ఏమీ లేక నేనే మాట్లాడటం మొదలుపెట్టాను. నిద్ర పట్టకపోవడం గురించి, పిల్లల ముందు నవ్వు తెచ్చిపెట్టుకోవడం గురించి. శ్రీను రోడ్డు వైపే చూస్తూ ఊ కొట్టాడు. తిరిగొచ్చేసరికి నేనింకా కళ్ళు తుడుచుకుంటుంటే, ఇంటి మలుపు దాటించి ఇంకో చుట్టు తిప్పాడు.

దిగుతూ అన్నాను, "సౌండేం లేదు కదరా. పోయిన నెలే కొన్న కారు."

"ఇవాళ రాలేదు. రేపు వస్తుందేమో. ఇదే టైంకి రెడీగా ఉండు."

"ఎలా ఉన్నావురా" అని అడగడం మా బ్యాచ్‌లో ఎవరికీ చేతకాదు. మీ స్నేహితుల కార్లలో కూడా ఇలాంటి శబ్దాలు వస్తుంటాయా? నేనైతే రేపు ముందే జాకెట్ వేసుకుని కూర్చుంటాను.