కాజాల బావ గీసిన రెండు చుట్లు

మా బావ కుట్టిన కాజా చూసినవాళ్లు అందులో బొత్తాం పెట్టుకోవడం మరిచిపోయేవారు. నలభై ఏళ్లు కోట్లకు చేత్తో కాజాలు కుట్టాడు మరి. బజారంతా కాజాల మాస్టరనే పిలిచేది. కోటు ఇచ్చేముందు లోపలివైపు తిప్పి, కుట్లన్నీ చూపించి మరీ ఇచ్చేవాడు. పైపైన ఎవడైనా బాగానే కుడతాడు, లోపల చూడండి అనేవాడు.

అలాంటి చేతికి వణుకొచ్చింది. పార్కిన్సన్స్ అన్నారు. సూదిలో దారం ఎక్కించడానికే అరపూట పట్టేది. మా అక్క సాయం చేయబోతే, నా సూది ముట్టుకోకు అని కసిరేవాడు.

పెద్దాసుపత్రిలో కొత్త వైద్యం పరీక్షిస్తున్నారని విని తనే వెళ్లి పేరిచ్చాడు. మూలకణాలను పెంచి, మెదడులో చచ్చిపోయిన కణాల పని చేసేలా తయారుచేసి, పుర్రెకు చిన్న బెజ్జం పెట్టి లోపల నాటుతారట. పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికే ఇదంతా అని డాక్టరమ్మ ముందే చెప్పింది. "చిరిగినచోట కొత్త దారం అల్లినట్టు, రఫూ అన్నమాట" అని తేల్చేశాడు బావ.

అలా నాటించుకున్న ఏడాదికి, చెయ్యి ఎలా ఉందో చూడటానికి రమ్మన్నారు. మాత్ర వేసుకుంటే వణుకు కాసేపు అణిగిపోతుంది కాబట్టి ఆ పొద్దున వేసుకోకూడదని నియమం. నేనూ అక్కాబావలతో వెళ్లాను. కాగితం మీద దోమలబత్తిలా చుట్టు గీయమన్నారు. బావ నున్నగా గీసేశాడు. డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది, నేనైతే పొంగిపోయాను.

బయటికొచ్చాక, ఇక వేసుకోండంటూ అక్క మాత్రల అట్ట తీసింది. అందులో ఒకటి తక్కువుంది.

"ఏమండీ, పొద్దున్నే వేసేసుకున్నారా?"

"అంత ఓపిగ్గా రఫూ చేసింది. నలుగురి ముందు పిగిలిపోతే ఆ డాక్టరు పిల్ల పరువేం కావాలి?"

నాకు నవ్వాగలేదు. అక్క మాత్రం నవ్వలేదు.

"లోపలివైపు చూపించకుండా ఏనాడైనా కోటిచ్చారా మీరు?"

చెబితే ఈ పరీక్షల్లోంచి తీసేస్తారేమోనని బావ భయం. అయినా గోడ పట్టుకుని, చిన్న చిన్న అడుగులేస్తూ తనే వెనక్కి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, ఆ గీత నాది కాదు. మాత్రది."

డాక్టరమ్మ కోప్పడలేదు, మెచ్చుకోనూ లేదు. ఆ కాగితం అడ్డంగా కొట్టేసి, జరిగింది రాసుకుంది. మీరిలా దాస్తే మేమూ మోసపోతాం, మీ తర్వాత వచ్చే రోగులూ మోసపోతారు అని మాత్రం గట్టిగా చెప్పింది. మర్నాడు మాత్ర లేకుండా రమ్మంది.

మర్నాటి చుట్టు ఎలుక కొరికిన దారంలా వచ్చింది. అయితే వైద్యానికి ముందు గీసింది సగంలోనే ఆగిపోయింది, ఇది చివరిదాకా వెళ్లింది. అది రఫూ చలవో కాదో ఇప్పుడే చెప్పలేమంది డాక్టరమ్మ.

బావ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. కోటు లోపల తన గుర్తు కుట్టుకున్నట్టే, ఆ వంకర గీత కింద మెల్లగా సంతకం పెట్టాడు. సంతకమూ వంకరే. చూసుకో అన్నట్టు దాన్ని అక్క వైపు జరిపాడు.