యాండీ కాదు, అండి

మండపేట రైసుమిల్లు ఆఫీసులో పనిచేసే రత్నమాణిక్యానికి చూపు లేదు. తెరమీది అక్షరాలను కంప్యూటరే ఆవిడకు పైకి చదివి పెడుతుంది. ఎడమ చెవికి ఇయర్‌ఫోను తగిలించుకుని, కుడి చెవి మనుషులకు వదిలేసి, తల కాస్త వాల్చి టైపు చేస్తుంది. షావుకార్లకు మెయిళ్లు తెలుగులోనే, కాకపోతే ఇంగ్లీషు అక్షరాలతో. కంప్యూటర్లోని దొరసాని గొంతుకు తెలుగు రాదు. "అండి" వచ్చినప్పుడల్లా "యాండీ" అంటుంది, ఎవరో తెల్లవాణ్ణి కేకేసినట్టు. రత్నమాణిక్యానికి అది మహా చిరాకు. స్పెల్లింగు మార్చి మార్చి చూసి, ఓరోజు యు, ఎన్, డి, డబుల్ ఈ కొట్టింది. గొంతు చక్కగా "అండీ" అంది! ఆ మురిపెంలోనే కాకినాడ షావుకారుకు "స్టాకు లేదు అండీ" అని పంపేసింది. కాసేపట్లో ఫోను మోగింది.

"ఏంటమ్మా, 'స్టాకు లేదు ఉందీ' అని రాశారు? ఉందాండి, లేదాండి? ఇక్కడ లారీ బయల్దేరుతోంది!"

"అయ్యయ్యో, లేదండి! పంపకండి!"

కళ్లతో చదివేవాళ్లకు అది "ఉందీ" అవుతుందని ఆవిడకు తట్టనే లేదు. ఇప్పుడు మళ్లీ పాత స్పెల్లింగే కొడుతోంది. గొంతు "యాండీ" అంటుంది. "అండి" అంటుంది రత్నమాణిక్యం నెమ్మదిగా, పసిపిల్లకు మాట నేర్పుతున్నట్టు.