గుమ్మంలో తనిఖీ

కండక్టరు తాతయ్యకు జలుబు చేసింది. చేస్తే చేసింది గానీ, ముప్పై ఏళ్లు బస్సులో ఊరందరి తుమ్ములూ తట్టుకున్న ముక్కు, సరిగ్గా కోడలు పసిగుడ్డుతో ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే మొరాయించాలా? మనవణ్ణి ఒక్కసారి ఒళ్లోకి తీసుకోవాలని ఆయన నెలల తరబడి కాచుకుని ఉన్నాడు.

అడ్డం పడింది కోడలు కాదు, ఐదేళ్ల మనవరాలు. దానికి పాఠం చెప్పింది ఈయనే. బయటి నుంచి రాగానే సబ్బు పెట్టాలి, ఇరవై లెక్కపెట్టేదాకా రుద్దాలి, తుమ్మొస్తే మోచేతి మడతలోకి తుమ్మాలి, జలుబున్నవాళ్లు తమ్ముడి గది గడప దాటకూడదు. కిటికీలోంచి ఉమ్మినవాళ్లను నడిదారిలో దింపేసిన మనిషి కదా, పాఠం గట్టిగానే చెప్పాడు. ఇప్పుడా పిల్ల గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని, వచ్చినవాళ్ల చేతులు వాసన చూసి మరీ లోపలికి వదులుతోంది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడటమంటే ఇదే.

అయినా తాతయ్య తక్కువ తిన్నాడా? తుమ్ము వచ్చినప్పుడల్లా పెరట్లోకి పరుగెత్తి, చప్పుడు వినబడకుండా బకెట్టు దడదడలాడించాడు. తర్వాత చేతులు శుభ్రంగా కడుక్కుని, ఏమీ ఎరగని నంగనాచిలా వచ్చి నిలబడ్డాడు.

"చేతులు చూపించు తాతా."

చూపించాడు. వాసన చూసింది.

"సరే. ఇప్పుడు నోరు మూసుకో. నేను ఇరవై లెక్కపెట్టేదాకా ముక్కుతోనే ఊపిరి తీసుకోవాలి."

ఏడు దగ్గర తాతయ్యకు చుక్కలు కనిపించాయి. పదకొండు దగ్గర ఇల్లదిరేలా తుమ్మాడు.

"మోచేతిలోకే తుమ్మాను కదే!"

"బాగా తుమ్మావు. కానీ లోపలికి వెళ్లకూడదు."

తాతయ్యకు నిజంగానే ఏడుపొచ్చింది. ఉక్రోషమూ వచ్చింది. "ఏదీ, నువ్వు ముక్కుతో ఊపిరి తియ్యి చూద్దాం! నేను లెక్కపెడతా."

పిల్ల కుక్కిన పేనులా అయిపోయింది. అప్పుడు చూశాడాయన, దాని గౌను చెయ్యి మోచేతి మడత దగ్గర తడిసి ఉంది.

"మూడు దాకానే చెయ్యగలను తాతా," అంది గొంతు తగ్గించి. "నేనూ తమ్ముణ్ణి ముట్టుకోలేదు. అమ్మకి చెప్పకు, ఇక్కడ్నించి కూడా పంపించేస్తుంది. ఇక్కడ కూర్చుంటే వాడి కాళ్లు కనిపిస్తున్నాయి."

తాతయ్య రుమాలు తీసి దాని ముక్కు తుడిచి, "కాస్త జరుగు" అంటూ పక్కనే చతికిలబడ్డాడు.