మార్తమ్మ టీచరు నోట్లో వేసుకోని ఉప్పు

పొద్దున్నే కుళాయి తిప్పితే క్లోరిన్ వాసన గుప్పున కొడుతుంది. ఆ ఘాటుకు బిందె పక్కన పెట్టి కాసేపు నిలబడిపోతాను. మార్తమ్మ టీచరు గుర్తొస్తుంది.

పంతొమ్మిది వందల యాభైల్లో ఆదోని బడిలో ఆమె మాకు జీవశాస్త్రం చెప్పేది. ఒళ్లు ఎట్లా పనిచేస్తుందో తెలియాలంటే ముందు పరమాణువులు తెలియాలని, కప్ప బొమ్మ ఉన్న పటం చుట్టి పక్కన పెట్టి, సోడియం, క్లోరిన్ల గురించి మొదలుపెట్టింది. ఒకటి నీళ్లలో వేస్తే భగ్గుమనే లోహం, ఇంకొకటి ఊపిరితిత్తులను కాల్చే వాయువు. రెండూ కలిస్తే మనం సంగటిలో వేసుకునే ఉప్పు అంది. మేమెవరమూ నమ్మలేదు. నేనుండే మేనత్త ఇంట్లోనైతే పరమాణువనగానే అణుబాంబే అనుకున్నారు. బడి నుంచి రాగానే అత్త నా చేతులు వాసన చూసేది.

మా అనుమానం తీర్చడానికి టీచరు ఒక శనివారం క్లోరిన్ ఉండే ఆమ్లాన్నీ సోడియం ఉండే కాస్టిక్ సోడా నీళ్లనూ సరిపాళ్లలో కలిపి, కాచి, గిన్నె అడుగున మిగిలిన తెల్లటి పొడిని చూపించింది. ఆ సాయంత్రమే నాకు వాంతులు పట్టుకున్నాయి. బడిలో చేసిన ఆ ఉప్పు వల్లేనని అత్త కబురు పంపితే, ఎమ్మిగనూరులో మగ్గం ఆపేసి నాన్న వచ్చాడు. సోమవారం నన్ను వెంటబెట్టుకుని బడికి నడిచాడు, చదువు మాన్పించి తీసుకుపోదామనే.

టీచరు గిన్నె తెచ్చి చూపించింది. నాన్న దాన్ని ముట్టుకోలేదు.

“ఇది ఉప్పేనంటాండావు గదమ్మా. రవంత నువ్వు నోట్లో ఏసుకో, నమ్ముతా.”

“ఏసుకోనన్నా. ఈ గదిలోది ఏదీ నోట్లో పెట్టుకోవద్దని పిల్లోళ్లకు నేనే చెప్పినా. గిన్నెలో ఇంకేమన్నా మిగిలిందేమో, నాకూ తెలీదు.”

నాకు ఇన్నాళ్లూ ఆమె చెప్పిందంతా అబద్ధమేనేమో అనిపించింది. నాన్న నా వైపు తిరిగి, నువ్వు తిన్నావా అని అడిగాడు. లేదన్నాను. టీచరు తిననివ్వలేదు మరి.

తర్వాత ఆమె నాన్నను బెంచీ మీద కూర్చోబెట్టి, సోడియం తన ఎలక్ట్రాన్‌ను ఒకదాన్ని క్లోరిన్‌కు ఇచ్చేస్తుందనీ, ఆ ఇచ్చిపుచ్చుకోవడంతోనే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయనీ చెప్పింది. ఇచ్చినోడు మళ్లీ అడగడా అన్నాడు నాన్న. అడగదనీ, నీళ్లలో పడితే మాత్రం రెండూ దేనికది విడిపోతాయనీ అంది. “మన నెత్తుర్లో అట్లనే తిరుగుతాంటాయన్నా. అవి లేకుంటే నీ చెయ్యి మగ్గం మీద ఆడదు.”

నాన్న తన చేతుల వైపు ఒకసారి చూసుకున్నాడు. ముఖంలో నమ్మకమేమీ కనబడలేదు. బయటికొచ్చాక, గేటు దగ్గర ఆగాడు.

“ఆమె మాట నేను నమ్మలేదు పాపా. కానీ తెలీదని చెప్పింది సూడు, అందుకే నిన్ను ఈడ ఇడిసిపోతాండా.”

ఆ రోజు వాంతులెందుకయ్యాయో ఇప్పటికీ తెలియదు. నేను డాక్టరునయ్యాను. రోగి వెంట వచ్చినవాళ్లు నా చేతిలోని సూదిని అనుమానంగా చూస్తే నాకు కోపం రాదు. వాళ్లు అడిగిందానికి జవాబు నా దగ్గర లేకపోతే, లేదనే చెబుతాను. అలా చెప్పినప్పుడు కొందరు లేచి వెళ్లిపోయారు కూడా.