రెండో దుబ్బు

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నిజానికి నేను అబద్ధం ఆడలేదు. ఊరకుండిపోయాను, అంతే. అదే ఎక్కువ బరువని తర్వాత తెలిసింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

అప్పుడు మదనపల్లెలో చిన్న గది తీసుకుని కొండగడ్డి జాతుల మీద పరిశోధన చేసేదాన్ని. గడ్డీ పొదల కొమ్మలూ తెచ్చి, పాత పేపర్ల మధ్య పరిచి, చెక్కల కింద బిగించి, ఆరాక అట్టల మీద అతికించేదాన్ని. ఆ గదిలో పడుకుంటే కలలోనూ కొండే. మంచులో తలలూపే గడ్డి వెన్నులు.

కురబలకోట వైపు గొర్రెలు మేపుకునే గంగులమ్మ నాకు కొండదారులు చూపించేది. ఒక ఉదయం పొగమంచులో నన్ను ఒక బండసందు దాకా తీసుకెళ్లింది. అక్కడ బూడిదరంగు వెన్నులతో రెండు దుబ్బులు. ఒక పోచ నలిపి నా ముక్కు దగ్గర పెట్టింది. నిమ్మ కాదు, వట్టివేరు కాదు. పేరు పెట్టలేని వాసన. వాళ్లమ్మ ఆ గడ్డిని నూనెలో కాచి తలకు రాసేదట.

"రెండే ఉండాయి తల్లీ. ఒకటి తీసుకోపో. ఒకటి ఉండనీ."

"అట్లేలే అమ్మా," అన్నాను.

ముసురు పట్టి, తెచ్చిన దుబ్బు బూజెక్కి పాడైపోయింది. ఒంటరిగా మళ్లీ వెళ్లాను. రెండు పోచలు కోసుకుంటే సరిపోయేది. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. కానీ వేళ్లతో సహా నిండైన నమూనా కావాలనిపించింది. తడినేల. లాగగానే మొత్తం వచ్చేసింది. ఆ క్షణాన నాకు కలిగింది సంతోషమే. ఎంత తవ్వి చూసుకున్నా అందులో భయం గానీ జాలి గానీ కనిపించవు.

కొన్నాళ్లకు గంగులమ్మ నా గదికి వచ్చి గడపలో కూర్చుంది.

"ఆ గడ్డి లేదు తల్లీ. నా గొర్రెలే మేసేసినట్టుండాయి. నేను సూసుకోలా. ఏమీ అనుకోవాకమ్మా."

నా వెనక చెక్కల మధ్య ఆ దుబ్బు ఆరుతోంది. ఆమె కళ్లు మూసుకుంది.

"నువ్వు ముందు తెచ్చిందాని వాసన ఇంకా వస్తాండాదే! మాయమ్మ ఈడ్నే కూసున్నట్టుండాది."

"పరవాలేదులే అమ్మా," అన్నాను.

ఆమెను నేను క్షమించాను. నేను!

ఆ తర్వాత ఆమె మందను ఆ కొండవైపు తోలలేదట. మేతకు ఎండలో చాలా దూరం నడిచేదట. నాకు కుప్పంలో ఉద్యోగం వచ్చింది. ఎన్నో వానాకాలాలు ఆ బండసందు దగ్గరికి వెళ్లి చూశాను. ఏమీ మొలవలేదు. పుంగనూరులో కూతురింట ఆమె ఉందని తెలిసీ, ఆ వీధి దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. ఎందుకు? ఆమె తిడుతుందనా? కాదు, నా చేయి పట్టుకుని మళ్లీ క్షమాపణ అడుగుతుందేమోనని. నిరుడు ఆమె పోయింది.

ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. మీరు పరవాలేదని అనకండి. ఆ మాట ఎంత సులువుగా వస్తుందో నాకు తెలుసు.

గొర్రెలు కాదు. నేనే పీకాను.

రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.