చెప్పులు విడిచి చేసిన ప్రార్థన

ఆ రోజుల్లో మా బోగోలులో రేడియో ఉన్న ఇల్లంటే పెద్దింటి కిందే లెక్క. కొనే స్తోమత మాకు లేదు గనుక నేనే చేద్దామనుకున్నాను. టీచరు ట్రైనింగు ముగించుకుని కొత్తగా ఉద్యోగంలో చేరిన కాలం. ఆదివారాలు సండేస్కూల్లో పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. మిగతా సాయంత్రాలు ముందుగదిలో కూర్చుని, మద్రాసు నుంచి తెచ్చుకున్న పాత రేడియో వాల్వులను కిరసనాయిలు డబ్బా రేకు మీద బిగించేవాణ్ణి. సముద్రపు ఉప్పుగాలికి తుప్పెక్కకుండా ఆ రేకును రోజూ గుడ్డతో తుడిచేవాణ్ణి. జాగ్రత్త అంటే నాకు తెలిసింది ఒక్కటే, కాళ్ళకు రబ్బరు చెప్పులు. అవి ఉంటే కరెంటు నన్నేమీ చేయదని నా విశ్వాసం. (రేకులో కరెంటు ఉన్న సంగతే ఆ చెప్పులు నాకు తెలియనివ్వలేదు.)

అమ్మకు ఆ వైర్లంటే భయం. "ఇల్లు తగలబెట్టేదాకా వీడు నిద్రపోడు" అని రోజూ అనేది. చివరికి నాయన తీర్పు చెప్పాడు. "శనివారం అయ్యగారు వస్తా ఉండారు. ఆయన చూసి సరేనంటే ఇది ముందుగదిలో ఉంటది. కాదంటే మూటగట్టి అటకెక్కిస్తా. మళ్ళా ఈ ఇంట్లో ఆ పని జరగకూడదు." అయ్యగారంటే మా సంఘ కాపరి. ఇంటికి ఏ కొత్త వస్తువొచ్చినా, అది కుట్టుమిషనైనా పాడిగేదైనా, ఆయన దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తేగాని మేం వాడేవాళ్ళం కాదు.

అయ్యగారొస్తున్నారని ఆ శనివారం అమ్మ సిమెంటు నేలంతా కడిగింది. సెట్టుకు తొడగాల్సిన చెక్కపెట్టె ఇంకా వడ్రంగి దగ్గరే ఉంది. ఆమెన్ అనగానే పాట వినబడాలని నేను ముందే స్విచ్చి వేసి, శబ్దం తగ్గించి పెట్టాను. దేవుని సన్నిధి గనుక అందరం చెప్పులు విడిచాం. నేనూ విడిచాను. అయ్యగారు, నాయన, అమ్మ, మోకాళ్ళ నొప్పులతో బాధపడే మా మేనత్త, చివర నేను, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని కళ్ళు మూసుకున్నాం.

"ప్రభువా, ఈ బిడ్డ చేతిపనిని..." అంటూ అయ్యగారు రేకు మీద చెయ్యి ఉంచారు.

ఆ తర్వాతి మాట ఏమిటో నాకీనాటికీ తెలియదు. అయిదు నోళ్ళ నుంచీ ఒకే కేక వచ్చింది. గుడిలో ఎన్నేళ్ళు కలిసి పాడినా మా శ్రుతి అంత బాగా ఎన్నడూ కలవలేదు. అమ్మ తలుపు దగ్గర, నాయన బల్ల కింద తేలారు. మేనత్త మాత్రం ఉన్నచోటే నిలబడి, కళ్ళు తెరవకుండా ఏడుస్తోంది.

"అయ్యగారూ, పరిశుద్ధాత్ముడు నన్ను ముట్టినాడు. మోకాళ్ళలో జిల్లుమనింది."

"నాకూ జిల్లుమనిందిలేమ్మా" అన్నారు అయ్యగారు చెయ్యి దులుపుకుంటూ. "కానీ ఆయన గోడ ప్లగ్గులోనుంచి రాడు." నా వైపు తిరిగారు. "ఏం అబ్బయా, రోజూ దీన్ని ఇట్నే ముట్టుకుంటావా?"

"చెప్పులేసుకుంటానండీ."

"మరి ఇప్పుడేసుకోలేదే?"

"ప్రార్థన గదండీ."

నాయన బల్ల కిందనుంచి లేచి అటక వైపు చూశాడు. అయ్యగారు వంగి నేలను తాకి, వేళ్ళకంటిన తడి చూసుకున్నారు.

"ఇంటికొచ్చినోళ్ళందరికీ చెప్పులు తొడుగుతావా? ముందు ఆ ప్లగ్గు పీకు." పీకాను. "రేకు కనబడకుండా నాలుగువైపులా చెక్క బిగించేదాకా దీనికి కరెంటు ఇయ్యొద్దు. తర్వాతైనా, లోపల చెయ్యి పెట్టాలంటే ముందు ప్లగ్గు బయటికి రావాల. అట్లయితే ఉంచుకో." తర్వాత నాయనతో నెమ్మదిగా, "అందరి ప్రాణాలూ దక్కినాయి. కృతజ్ఞతా ప్రార్థన చేద్దాం" అన్నారు.

ఈసారి అమ్మ కళ్ళు మూసుకోలేదు. పీకిన ప్లగ్గును చేత్తో పట్టుకుని, ఆమెన్ అనేదాకా దాన్నే చూస్తూ నిలబడింది.

చెక్కపెట్టె వచ్చాక ఆ సెట్టు మా ముందుగదిలో చాలాకాలం పాడింది. ఆనాటి నుంచే తన మోకాళ్ళు కుదుటపడ్డాయని మేనత్త చివరిదాకా సాక్ష్యం చెప్పింది. (నేను కాదనలేదు. దేవుడు ఏ దారిన మేలు చేస్తాడో చెప్పడానికి నేనెవర్ని?) ఇప్పటికీ ఏ ఇంట ప్రార్థనకు నిలబడినా, కళ్ళు మూసుకోబోయే ముందు నా చూపు ఒకసారి గోడ వైపు వెళ్ళొస్తుంది. తడినేల మీద అంత భక్తిగా చెప్పులు విడిచి నిలబడ్డ ఆ కుర్ర మేష్టారు గుర్తొస్తాడు. అతని తరఫున కూడా ఒక స్తోత్రం చెప్పి, అప్పుడు కళ్ళు మూసుకుంటాను.