కుక్కర్‌కు ఎల్.సి. లేదు

మా వియ్యంకుడు కొండల్ రావు, తన అనుమతి లేకుండా లోకంలో ఎవరూ స్విచ్ వేయకూడదని నమ్మే మనిషి. విద్యుత్ శాఖలో ముప్పై ఆరేళ్ళు లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేశాడు. స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ నుంచి తీసుకునే అనుమతిని వాళ్ళు ఎల్.సి. అంటారు, అంటే లైన్ క్లియర్. రిటైరయ్యాక స్తంభాలు పోయాయి, ఎల్.సి. మిగిలింది. తాళి కట్టేముందు కూడా పంతుల్ని "లైన్ క్లియరేనా?" అని అడిగాడంటారు. అనేది నేనొక్కణ్ణే అనుకోండి.

మొన్న జులైలో అల్లుడు అనుదీప్ ఒక ఆర్వీ, అంటే చక్రాల ఇల్లు, అద్దెకు తీసుకుని మమ్మల్నందరినీ అమెరికాలో వాళ్ళుండే కాపెల్ నుంచి ఒక సరస్సు పక్కకు తీసుకెళ్ళాడు. అసలు కారణం వాళ్ళమ్మ రాజేశ్వరమ్మ భుజం నొప్పి. వారం రోజులు గరిటె పట్టొద్దన్నాడు డాక్టర్. ఆవిడ బుద్ధిగా తలూపి, రైస్ కుక్కర్‌ని చీర మడతల్లో దాచి తెచ్చింది.

దిగీ దిగగానే కొండల్ రావు క్యాంపులో మాకిచ్చిన కరెంటు స్తంభం దగ్గరికి పరిగెత్తి, ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా వైరు తనే తగిలించాడు. ఆర్వీలోని రెండు ఏసీలూ గుర్రుపెట్టాయి. పది నిమిషాలకు ఠప్! అంతా ఆగిపోయింది.

"ఎవరేసిన్రు? ఏమేసిన్రు?"

"కుక్కరే. పిడికెడు బియ్యమే పెట్టిన," అంది రాజేశ్వరమ్మ.

"ఎల్.సి. తీస్కున్నవా? రెండు ఏసీలకు ఇరవై ఆరు ఆంపులు, కుక్కర్‌కు ఏడు. ముప్పై మూడాయె. బ్రేకర్ ముప్పైది. ట్రిప్ కాక డ్యాన్స్ చేస్తదా?"

"ఒక ఏసీ ఆపేద్దాం మామయ్యా," అంది మా అమ్మాయి రాగిణి.

"ఈ ఎండల? అందరం వడియాలమైతం. కుక్కర్‌కు ఎల్.సి. లేదు. ఫైనల్!"

దాంతో వంట బయట బొగ్గుల మీదికి మారింది. కొండల్ రావు బనీనేసుకుని, ఏ పటంలోనూ లేని దేశాల ఆకారంలో రొట్టెలు కాల్చేవాడు. ఉల్లిపాయలు నా వంతు. రాజేశ్వరమ్మ చెట్టు కింద కుర్చీలో నవల చదివేది. ఆవిడ లేస్తున్నట్టు కనిపిస్తే చాలు, "ఎల్.సి.!" అని కేక. మనవరాలు సాన్వి ఐప్యాడ్ చార్జర్ పట్టుకుని, "తాతా, ఎల్.సి. ప్లీజ్! టెన్ మినిట్స్ ఓన్లీ!" అని బతిమాలేది. చిన్నప్పుడు కాన్వెంట్‌లో సిస్టర్ల ముందు తప్ప నేనూ అనుమతి కోసం ఇన్నిసార్లు చెయ్యెత్తి ఎరగను.

ఆరో రోజు క్యాంప్ మేనేజరమ్మ వచ్చి, స్తంభం చూసి తల గోక్కుంది. "మీరు తీసుకున్నది యాభై ఆంపుల సైట్. మధ్యలో అడాప్టర్ పెట్టి మరీ ముప్పైలో గుచ్చారెందుకు? యాభైలో పెడితే అన్నీ ఒకేసారి నడుస్తాయిగా!"

చూద్దును కదా, పక్కనే యాభై సాకెట్. మీద అంకె కూడా వేసి ఉంది.

ఆవిడ వెళ్ళగానే అందుకున్నాను. "బావగారూ! ముప్పై ఆరేళ్ళ సర్వీసు! ఇంత సాకెట్ కనబడలేదా?"

"మెల్లగ బావా!" కొండల్ రావు గొంతు తగ్గించాడు. "నేను వద్దంటే వినది. డాక్టర్ వద్దంటే వినది. బ్రేకర్ వద్దంటే వింటది. నా సర్వీసంత పొద్దుగాల లేసి అన్నం డబ్బా కట్టిచ్చింది. ఏనాడన్న ఎల్.సి. అడిగిందా?"

నేను ఆ యాభై సాకెట్ మూత మెల్లగా మూసేశాను.

"ఏమైంది అన్నయ్యా?" చెట్టు కింద నుంచి రాజేశ్వరమ్మ.

"యాభై సాకెట్‌లో ఫాల్టట చెల్లెమ్మా!" అన్నాను. అబద్ధాల్లో నాదీ పెద్ద సర్వీసే.

"ఆ ఫాల్టు నేను మొదటిరోజే చూసిన." ఆవిడ నవ్వుతూ పేజీ తిప్పింది. "రిపేరు చెయ్యకుండ్రి. ముందు ఆ రొట్టె చూడుండ్రి, మాడుతున్నది."